ఎక్స్‌రే, సీటీ గదిలో రోగిని అంచనా వేయడం ఎలా: తీసే ముందు, తీస్తున్నప్పుడు

ఎక్స్‌రే గదికి వచ్చే మనిషి గురించి మన చేతికి అందేది ఒక చీటీ. దాని మీద "చెస్ట్ పీఏ" (కిరణం వీపు నుంచి ముందుకు వెళ్లేది; ఏపీ అంటే ముందు నుంచి వెనక్కి, లాటరల్ అంటే పక్కనుంచి) అనో, "ఎల్‌ఎస్ స్పైన్ ఏపీ, లాటరల్" అనో ఒక్క ముక్క ఉంటుంది. ఓపీలో డాక్టరు చూసి గంట దాటిపోయి ఉండొచ్చు. ఈలోగా క్యూలో నిలబడి, బిల్లు కట్టి, ఖాళీ కడుపుతో బెంచీ మీద కూర్చుని ఆ మనిషి పరిస్థితి మారిపోవచ్చు. టేబుల్ ఎక్కించే ముందు మళ్లీ ఒకసారి చూసే అవకాశం టెక్నీషియన్‌కే ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డ్యూటీ చేసే టెక్నీషియన్లకు, డిప్లొమా ముగించి కొత్తగా చేరినవాళ్లకు పనికొచ్చేలా ఇది రాశాం. జబ్బేమిటో తేల్చడం, మందు రాయడం డాక్టరు పని. తేడా కనిపెట్టడం, పరీక్ష ఆపడం, సమయానికి పిలవడం మీ పని.

పేరు మీరు చెప్పకండి, వాళ్లతో చెప్పించండి

"అప్పలనాయుడు మీరేనా?" అని అడిగితే చెవులు వినపడని తాత కూడా "ఆఁ" అంటాడు. "మీ పేరు చెప్పండి, ఏ ఊరు?" అని అడగండి. మన దగ్గర ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు ఒకే పూట రావడం మామూలే. సింహాచలం, పైడితల్లి లాంటి పేర్లు మగవాళ్లకీ ఉంటాయి, ఆడవాళ్లకీ ఉంటాయి. కాబట్టి పేరు ఒక్కటి సరిపోదు. పేరు, ఓపీ నంబరు ఈ రెండూ చీటీతో కలవాలి. అనుమానం ఉంటే వయసు, తండ్రి పేరో భర్త పేరో కూడా అడగండి. స్పృహ లేని మనిషైతే చేతికి కట్టిన పట్టీ, వెంట వచ్చినవాళ్ల మాట, కేస్‌షీటు మూడూ చూడండి. 108లో దిగిన పేరు తెలియని రోగికి క్యాజువాల్టీ ఇచ్చిన నంబరే పేరు. దాన్ని మధ్యలో మార్చకండి. తర్వాత పేరు తెలిసినా పాత నంబరు కింద ఉన్న ఫిల్ములు అలాగే ఉండాలి.

తర్వాత చూడాల్సింది పక్క. "ఏ మోకాలు? చేత్తో పట్టుకుని చూపించండి" అనాలి. చీటీలో కుడి అని ఉండి మనిషి ఎడమ చూపిస్తే అక్కడితో ఆపి, రాసిన డాక్టరుకు ఫోన్ చేయండి. మీరే సరిచేసి తీయడం తప్పు, ఎందుకైనా మంచిదని రెండూ తీయడం ఇంకా తప్పు. ఆర్, ఎల్ గుర్తు ఎక్స్‌పోజర్‌కు ముందే ఫీల్డులో (కిరణం పడే చోట) పెట్టండి. డిజిటల్ మిషన్లు వచ్చాక ఆ గుర్తు తర్వాత కంప్యూటర్లో వేద్దామనే అలవాటు బాగా పెరిగింది. హడావుడిలో పక్కలు తారుమారయ్యేది సరిగ్గా ఆ దగ్గరే.

పాత ఫిల్ములున్నాయా అని కూడా అడగండి. విశాఖ కేజీహెచ్‌లో వారం కిందట తీసిన సీటీ సంచిలో మడిచి ఉండొచ్చు. అది చూపిస్తే కొత్తది అవసరం లేదని డాక్టరే అనొచ్చు.

రెండు నిమిషాల్లో అడగాల్సినవి

నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, ఎలా మొదలైంది, ఎలా ఉంటుంది (పొడుస్తుందా, లాగుతుందా, మండుతుందా), ఎంత గట్టిగా ఉంది, ఏం చేస్తే పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది. ఈ ఏడూ అడిగి, వచ్చిన జవాబు రిక్విజిషన్ చీటీ వెనక రాయండి. "కడుపు నొప్పి" అని రాసిన చీటీకీ, "నిన్న రాత్రి ఒక్కసారిగా మొదలు, ఇప్పుడు కడుపంతా గట్టిగా, కదిలితే ఎక్కువ" అని రాసిన చీటీకీ రేడియాలజిస్టు ఫిల్ము చూసే తీరే వేరు. రెండోది చదివితే పేగుకు చిల్లు పడిందేమోనని ఆయన డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండర పొర) కింద గాలి కోసం వెతుకుతాడు. మీరు కూడా ఆ మనిషిని పడుకోబెట్టి తీసి పంపేయరు. వీలైతే 5 నుంచి 10 నిమిషాలు నిటారుగా ఉంచి, డయాఫ్రమ్ పడేలా తీస్తారు. నిలబడలేకపోతే ఎడమ పక్కకు తిప్పి 10 నిమిషాలకు తక్కువ కాకుండా ఉంచి, డెక్యుబిటస్ (పక్కకు పడుకున్న భంగిమలో, కిరణం అడ్డంగా వెళ్లేలా తీసే ఫిల్ము) తీస్తారు. ఆ వ్యవధి లేకపోతే కొద్దిపాటి గాలి పైకి చేరదు, ఫిల్ము శుభ్రంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

ఈ ప్రాంతంలో పనిచేసేవాళ్లకు అలవాటు కావాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. కొబ్బరి చెట్టు మీంచో తాటిచెట్టు మీంచో పడి కాళ్ల మీద దిగిన మనిషికి చీటీలో మడమ ఫిల్ము ఒక్కటే రాసి ఉండొచ్చు. మడమ విరిగేంత దెబ్బ నడుము పూసల దాకా వెళ్తుంది. "నడుము నొప్పి ఉందా, కాళ్లు తిమ్మిరి ఉన్నాయా, పడ్డాక మూత్రం వచ్చిందా?" అని అడగండి. మొదటి రెండింటిలో ఏ ఒక్కదానికైనా అవునని వచ్చినా, మూత్రం రాలేదని తెలిసినా, నడిపించడం మానేసి స్ట్రెచర్ మీదకు మార్చి, డాక్టరుకు చెప్పండి. ఛాతీ ఫిల్ముకు వచ్చిన పెద్దావిడను కూడా పొగ అలవాటుందా అని అడగండి. తీర గ్రామాల్లో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే మామ్మలు ఇంకా ఉన్నారు. చుట్ట అలవాటు మగవాళ్లకే ఉంటుందనుకుని అడగకపోతే ఆ సంగతి చీటీ మీదకు ఎప్పటికీ రాదు. గొంతులో చేపముల్లు అని వచ్చినవాళ్లను ఏ చేప అని అడిగి రాయండి, కొన్ని చేపల ముళ్లు ఫిల్ములో పడవు. మింగలేక చొంగ కారుతున్న మనిషిని మాత్రం పడుకోబెట్టకండి, కూర్చోబెట్టే తీయండి.

పిల్లాడు నాణెం మింగాడని తెస్తే అది నాణెమేనా, గడియారంలోదో బొమ్మలోదో బటన్ బ్యాటరీయా అని తల్లిని గుచ్చి గుచ్చి అడగండి. ఫిల్ములో గుండ్రటి అంచు రెండు గీతలుగా, ఒకదాని లోపల ఒకటిగా కనిపిస్తే బ్యాటరీ అనే అనుకోవాలి. ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే గోడ కాలిపోవచ్చు. రిపోర్టు కోసం ఆగొద్దు, ఫిల్ము పట్టుకుని డాక్టరు దగ్గరకు మీరే వెళ్లండి.

గుమ్మం నుంచి టేబుల్ దాకా

మొదటి పరీక్ష ఆ నాలుగు అడుగుల్లోనే అయిపోతుంది. మనిషి గోడ పట్టుకుని నడుస్తున్నాడా, ఒక వాక్యం పూర్తిగా అనగలుగుతున్నాడా లేక రెండు మాటలకోసారి ఆగుతున్నాడా, పెదవులు నీలంగా ఉన్నాయా, చెమట చల్లగా ఉందా అన్నవి చూడండి. నల్లటి చర్మంలో పాలిపోవడం, నీలం తిరగడం ముఖంలో తెలియదు. కింది కనురెప్ప లోపల, నాలుక మీద, అరచేతుల్లో, గోళ్ల కింద చూడాలి.

పెద్దవాళ్లకు నాడి నిమిషానికి 60 నుంచి 100, ఊపిరి 12 నుంచి 20, వేడి 98.6 డిగ్రీల ఫారన్‌హీట్ దరిదాపుల్లో, ఎస్‌పీఓ2 (రక్తంలో ఆక్సిజన్ శాతం) 95 పైన ఉండాలి. పుట్టిన బిడ్డకు నిమిషానికి 30 నుంచి 60 సార్లు ఊపిరి మామూలే, పెద్దల లెక్కతో చూసి కంగారు పడకండి. ఊపిరి లెక్కపెడుతున్నామని మనిషికి తెలిస్తే తీరు మార్చేస్తాడు. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఉండి, కళ్లు పొట్ట మీద పెట్టి నిమిషం నిండా లెక్కపెట్టండి.

ఎస్‌పీఓ2 90 కంటే తక్కువ చూపిస్తే ముందు వేలు చూడండి. గోళ్లరంగు, ముదురు గోరింటాకు, చల్లబడ్డ చెయ్యి, వణుకు ఇవన్నీ తప్పు అంకె చూపిస్తాయి. మరో వేలికో చెవి తమ్మెకో పెట్టి చూడండి. మిషన్‌లో చూపించే నాడికీ, మీరు చేత్తో లెక్కపెట్టిన నాడికీ తేడా ఉంటే ఆ ఆక్సిజన్ అంకెను నమ్మొద్దు. రెండుచోట్లా తక్కువే వస్తే పరీక్ష ఆపి పిలవండి. దీర్ఘకాలం ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్న సీఓపీడీ రోగికి 88 నుంచి 92 మధ్య ఉంచమని డాక్టరే చెప్పి ఉండొచ్చు, కేస్‌షీటు చూడండి. వార్డు నుంచి ఆక్సిజన్ మీద వచ్చినవాళ్లకు ఫిల్ము కోసం గొట్టం తీయకండి, ఫ్లో మార్చకండి. గొట్టాన్ని ఫీల్డు పక్కకు జరిపితే చాలు. సిలిండర్ ముల్లు ఎక్కడుందో గదిలోకి రాగానే చూడండి. లిఫ్టు దగ్గర అయిపోయాక తెలిస్తే ప్రయోజనం లేదు.

బీపీ పట్టీ చిన్నదైతే అంకె ఎక్కువ వస్తుంది. పట్టీ లోపలి సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతం దాకా రావాలి. డయాలసిస్ కోసం ఫిస్టులా (ధమనినీ సిరనూ కలిపి కుట్టిన చోటు) పెట్టిన చేతికి బీపీ చూడొద్దు, సూది గుచ్చొద్దు, టేబుల్ అంచుకు ఆ చెయ్యి నొక్కుకుపోనివ్వొద్దు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపునుంచి వచ్చేవాళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది కాబట్టి, పొడుగు చేతుల చొక్కా వేసుకున్న మనిషి చేతులు రెండూ ఒకసారి పైకి మడిచి చూడండి.

సెలైన్ సీసా నరం కంటే అర మీటరు పైన, మూత్రం సంచి మూత్రాశయం కంటే కింద, ఛాతీ గొట్టం సీసా ఛాతీ కంటే కింద ఉండాలి. స్ట్రెచర్ నుంచి మార్చేటప్పుడు ఈ మూడింటినీ ఎవరు పట్టుకోవాలో ముందే చెప్పుకోండి. యూరిన్ సంచిని పొట్ట మీద పెట్టి మార్చడం చాలాచోట్ల చూస్తాం. సంచిలోని మూత్రం వెనక్కి వెళ్లి ఇన్‌ఫెక్షన్ పెడుతుంది.

ఆడవాళ్లను అడగాల్సినది, అడిగే పద్ధతి

నెలసరి వస్తున్న వయసులో ఉన్న ప్రతి స్త్రీని కడుపు, నడుము, పొత్తికడుపు ఫిల్ములకు ముందు "ఆఖరిసారి ఏ తేదీన బయట చేరారమ్మా?" అని అడగాలి. "గర్భవతివా?" అని అత్తగారి ముందో, తండ్రి ముందో అడిగితే నిజం రాదు. పెళ్లికాని అమ్మాయి అసలు నోరు విప్పదు. బట్టలు మార్చుకునే గదిలోకి ఒంటరిగా పంపి, ఆడ సిబ్బందితో అడిగించండి. తేదీ గుర్తులేకపోతే ఏ పండగకు ముందో తర్వాతో అడగండి, సంక్రాంతి, సిరిమాను జాతర లాంటివి పెట్టుకుని లెక్క తేల్చొచ్చు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందన్నా తేదీ రాయండి. ఆపరేషన్ తప్పిపోయిన కేసులు తక్కువే, లేకపోలేదు.

నెల తప్పితే గర్భం ఉన్నట్టే లెక్క, అత్యవసరం కాకపోతే పరీక్ష చేయించి గానీ ముందుకు వెళ్లొద్దు. కడుపు, పొత్తికడుపు సీటీ, బేరియం ఎనిమా లాంటి ఎక్కువ డోసు పరీక్షలైతే నెలసరి మొదలైన తేదీ నుంచి 10 రోజుల లోపు పెట్టుకోవడం మంచిది. అలాగని గర్భవతికి ఏ ఫిల్మూ తీయకూడదని కాదు. ఛాతీ ఫిల్ములో కడుపులోని బిడ్డకు చేరే డోసు 0.01 మిల్లీగ్రే లోపే. బిడ్డకు హాని జరుగుతుందని లెక్కించే స్థాయి 100 మిల్లీగ్రే దగ్గర ఉంటుంది. నెలలు నిండిన ఆమె ఆయాసంతో వస్తే ఛాతీ ఫిల్ము తీయకపోవడమే ప్రమాదం. డాక్టరు అవసరమని రాసి సంతకం పెడితే, ఫీల్డు బిగించి, ఒక్క షాటులో వచ్చేలా తీయండి.

పిల్లలకూ పెద్దలకూ జననాంగాల మీద సీసం ముక్క పెట్టడం ఇప్పుడు తప్పనిసరి అనుకోవడం లేదు. అమెరికా వైద్య భౌతికశాస్త్రవేత్తల సంఘం 2019లోనే ఆ అలవాటు మానమంది. సీసం ముక్క జరిగి, చూడాల్సిన ఎముకను కప్పేస్తే మళ్లీ తీయాల్సి వస్తుంది, ఆటో ఎక్స్‌పోజర్ ఉన్న మిషనైతే డోసు పెంచేస్తుంది. ఫీల్డు చిన్నగా బిగించడమే బిడ్డకు అసలైన కాపు. బిడ్డను పట్టుకునేవాళ్లకు మాత్రం 0.25 మిల్లీమీటర్ల సీసానికి తక్కువ కాని ఏప్రాన్ వేయాలి. 18 ఏళ్ల లోపువాళ్లను, గర్భవతిని పట్టుకోమనొద్దు. రోజూ ఒకే ఆయాతో పట్టించడం అన్నింటికంటే తప్పు.

ఒంటి మీద ఏమున్నాయి

ఛాతీకి: పుస్తెలు, గొలుసు, తాయెత్తు, పిన్నీసు, రవిక హుక్కులు, జేబులో బిళ్లలు, భుజం మీద పడే జడ. తడి జడ పై లంగ్ దగ్గర నీడ వేస్తే అక్కడ టీబీ మచ్చ ఉన్నట్టే కనిపిస్తుంది. జడను ముడి వేసి తల మీదకు చుట్టించండి. నడుముకు, పొత్తికడుపుకు: వెండి మొలతాడు, మొలతాడుకు కట్టిన తాళాలు, చీర కుచ్చిళ్ల దగ్గర దోపుకున్న చిల్లర. తలకు: పుడక, కమ్మలు, పిన్నులు, కట్టుడు పళ్లు.

పుస్తెలు తీయమంటే చాలామంది ఒప్పుకోరు, బలవంతం చేయాల్సిన పనీ లేదు. ఛాతీ ఫిల్ముకు పుస్తెలతాడును పైకి లాగి గడ్డం మీదుగా పట్టుకోమంటే ఫీల్డు దాటిపోతుంది. మెడ ఫిల్ముకు రవికలోకి కిందకు జారిస్తే సరిపోతుంది. పసుపుతాడు కనిపించదు, బంగారమే అడ్డు. తీసిన నగ ఏదైనా వెంట వచ్చినవాళ్ల చేతికే ఇప్పించండి, టేబుల్ మీదో కౌంటర్ మీదో పెట్టొద్దు.

విరిగిన చోట నాటుకట్టు ఉంటే వెదురు బద్దలు, గుడ్డ, ఆకు పసరు నీడలు ఫిల్ములో పడతాయి. విప్పడం మీ పని కాదు, డాక్టరు చెప్తేనే విప్పించాలి. కట్టు కింద వేళ్లు వెచ్చగా ఉన్నాయా, గోరు నొక్కి వదిలితే రెండు సెకన్ల లోపు ఎర్రదనం తిరిగి వస్తుందా, వేళ్లు కదులుతున్నాయా అని చూడండి. వేళ్లు చల్లబడి, నల్లబడి, మొద్దుబారి ఉంటే ఫిల్ము కంటే ముందు క్యాజువాల్టీకి చెప్పాలి. పిండికట్టు ఉంటే కేవీ (కిరణం చొచ్చుకుపోయే బలం) 5 నుంచి 8 పెంచాల్సి రావొచ్చు.

టేబుల్ మీద

తల, మెడ దెబ్బతో కాలర్ వేసి వచ్చినవాళ్లకు మొదట పడుకున్న భంగిమలోనే పక్కనుంచి మెడ లాటరల్ తీసి, డాక్టరు చూసి సరేనన్నాకే మిగతావి. కాలర్ మీరు తీయొద్దు. ఆ ఫిల్ములో ఏడో మెడ పూస, దాని కింద మొదటి ఛాతీ పూస పైభాగం కనిపించకపోతే ఫిల్ము పూర్తి కానట్టే. తుంటి విరిగిందన్న అనుమానం ఉంటే కాలు బయటకు తిప్పి, పక్కకు వాల్చి తీసే భంగిమ పెట్టొద్దు. మంచి కాలు పైకెత్తి, పక్కనుంచి అడ్డంగా తీయండి.

ఆయాసం ఉన్న మనిషిని వెల్లకిలా పడుకోబెట్టొద్దు. పొట్ట ఫిల్ము రాసినా తల వైపు ఎత్తి, ఎంతసేపు ఓర్చుకోగలడో అడిగి, అన్నీ సిద్ధం చేసుకున్నాకే పడుకోబెట్టండి.

ఇక ఊపిరి. ఛాతీ ఫిల్ములు చెడేది ఎక్కువగా ఇక్కడే. "ఊపిరి బిగబట్టండి" అని మొదలుపెడితే చాలామంది ఉన్న గాలితోనే బిగబడతారు. ఇంకొందరు బుగ్గలు పూరించి, భుజాలు ఎత్తుతారు. డయాఫ్రమ్ దిగదు, గుండె పెద్దదిగా, కింది లంగ్ మసకగా వస్తుంది, లేని న్యుమోనియా ఉన్నట్టు కనిపిస్తుంది. వరస ఇలా పెట్టండి: "నోరు తెరిచి గట్టిగా గాలి పీల్చండి... వదిలేయండి... ఇంకోసారి ఇంకా గట్టిగా పీల్చండి... అలాగే ఆపండి, కదలొద్దు." ఎక్స్‌పోజర్ అయ్యాక "చాలు, వదిలేయండి" అనడం మరిచిపోకండి, మరిస్తే పెద్దాయన అలాగే నిలబడి తూలిపోతాడు. రెండోసారి పీల్చిన గాలికే ఛాతీ బాగా నిండుతుంది. స్విచ్ నొక్కే ముందు ఒకసారి ఉత్తుత్తిగా చేయించండి. ఆ అర నిమిషం ఖర్చు, మళ్లీ తీసే ఖర్చు కంటే తక్కువ. ప్యానెల్ దగ్గర నిలబడి ముఖం కాదు, భుజాలూ పొట్టా చూడండి. కదలిక ఆగిన అర సెకనుకు నొక్కండి. వచ్చిన ఫిల్ములో డయాఫ్రమ్ పైన వెనక పక్కటెముకలు 9 నుంచి 10 లెక్కకు రావాలి. రెండు కాలర్ ఎముకల లోపలి చివరలు వెన్నుపూస ముల్లుకు సమాన దూరంలో ఉండాలి. ఎక్స్‌రే ట్యూబు నుంచి ఫిల్ముకు దూరం 180 సెంటీమీటర్లు. వార్డులో పోర్టబుల్ మీద అంత దూరం కుదరదు, ఏపీ కాబట్టి గుండె కొంత పెద్దదిగా వస్తుంది. చీటీ మీద "పోర్టబుల్ ఏపీ, కూర్చుని" అనో "పడుకుని" అనో రాస్తే చదివేవాళ్లకు తెలుస్తుంది.

పొట్టకు, కింది పక్కటెముకలకు, నడుము లాటరల్‌కు గాలి వదిలేసి ఆపించాలి. ఏడ్చే పసిబిడ్డకు చెప్పి ఆపించలేం. ఏడుపు చివర గుక్క తిప్పుకుని లోపలికి పీల్చే క్షణం కోసం కాచుకుని నొక్కండి.

భాష దగ్గర తడబాటు వస్తుంది. ఇచ్ఛాపురం, కంచిలి, మందస వైపు నుంచి ఒడియా మాట్లాడేవాళ్లు, సీతంపేట ఏజెన్సీ నుంచి సవర మాట్లాడేవాళ్లు వస్తారు. వార్డులో ఆ భాష వచ్చినవాళ్లతో ఊపిరికి చెప్పే ఆ నాలుగు ఆదేశాలు చెప్పించి, తెలుగు లిపిలో రాసి ప్యానెల్ పక్కన అంటించుకోండి. అది లేనప్పుడు మీరు చేసి చూపించి, వాళ్లతో చేయించడమే దారి. వినపడనివాళ్లకు చెయ్యి పైకెత్తితే పీల్చడం, దించితే వదలడం అని ముందే ఒప్పందం చేసుకోండి.

దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఉన్నవాళ్లకు రాగానే మాస్కు ఇచ్చి, పిల్లలూ డయాలసిస్ రోగులూ కూర్చున్న బెంచీకి దూరంగా ఉంచండి. వాళ్లు వెళ్లాక గడ్డం ఆన్చిన చోటు, చేతులు పట్టిన చోటు తుడవండి.

మధ్యలో తేడా వస్తే

అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న మనిషి ఉన్నట్టుండి చిరాకు పడి, లేచిపోతానని గొడవ చేస్తే మొండితనం అనుకోకండి. ఆక్సిజన్ తగ్గినా, తల దెబ్బలో మెదడు మీద ఒత్తిడి పెరిగినా మొదట కనిపించేది అదే. పేరు అడగండి, ఎక్కడున్నాడో అడగండి. ఇందాక సరిగ్గా చెప్పినవాడు ఇప్పుడు తడబడుతున్నాడంటే వెంటనే డాక్టరును పిలవండి. మాట ముద్దవడం, ఒక పక్క చెయ్యి జారడం, వాంతి, కళ్ల పాపలు తేడాగా ఉండటం కూడా అంతే.

స్కానింగ్ కోసం రాత్రి నుంచి ఏమీ తినకుండా తొలి బస్సెక్కి వచ్చి, పదకొండు దాకా కూర్చున్న షుగర్ రోగి వణుకుతూ, చెమటలు పట్టి, అడిగినదానికి పొంతన లేకుండా మాట్లాడితే గ్లూకోమీటర్ పెట్టండి. 70 కంటే తక్కువ ఉంటే, మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు. అందుకే ఖాళీ కడుపు జాబితాలో షుగర్ వాళ్లను ముందు పిలవాలి.

నిలబడి ఉండగా కళ్లు తిరిగి, పాలిపోయి, నాడి నెమ్మదించి పడబోతే నేల మీదైనా సరే పడుకోబెట్టి కాళ్లెత్తండి. మూర్ఛ వస్తే పట్టి అదమకండి, నోట్లో ఏమీ పెట్టకండి, తల తగలకుండా చూసి, ఆగాక పక్కకు తిప్పండి, ఎంతసేపు వచ్చిందో గడియారం చూడండి. పలకకుండా, ఊపిరి లేకుండా ఉంటే కోడ్ (అత్యవసర బృందాన్ని) పిలిచి ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి: 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120, ప్రతి 30కి రెండు ఊపిర్లు. సీటీ టేబుల్ మీదైతే ముందు గ్యాంట్రీ (మిషన్ గుండ్రటి భాగం) నుంచి బయటకు లాగి, కిందికి దించండి.

డై ఎక్కించే పరీక్షలు, కిడ్నీ లెక్క

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎక్కువ. షుగర్, బీపీ లేనివాళ్లకూ వస్తుంది, చాలాకాలం పైకి ఏమీ తెలియదు. కాబట్టి "కిడ్నీ జబ్బు ఉందా?" అంటే "లేదు" అన్న జవాబు మీద డై (సీటీలో భాగాలు స్పష్టంగా కనిపించడానికి నరంలోకి ఎక్కించే అయోడిన్ మందు) ఎక్కించొద్దు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడాలి. పలాస కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. అక్కడి కార్డు ఉంటే అందులో తేదీ, అంకె రెండూ చూడండి.

క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి సరిపెట్టుకోవడం పెద్ద పొరపాటు. 1.4 అనే అంకె తీసుకోండి. 25 ఏళ్ల కుర్రాడికి అది 2021 సీకేడీ-ఈపీఐ లెక్కలో ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు వడకట్టే వేగం చెప్పే అంకె) 71 దాకా వస్తుంది. అదే 1.4 అరవై ఏళ్ల ఆమెకు 43 మాత్రమే. బక్కపల్చని మనిషికి కండ తక్కువ కాబట్టి అంకె ఇంకా మోసం చేస్తుంది. వయసు, ఆడామగా వేసి ఈజీఎఫ్‌ఆర్ కట్టండి, ఫోనులోనే కట్టొచ్చు. 30 కంటే తక్కువుంటే, లేదా కిడ్నీ ఇప్పుడే హఠాత్తుగా దెబ్బతింటోందన్న అనుమానం ఉంటే, రేడియాలజిస్టు చూసి నిర్ణయించేదాకా డై ఎక్కించొద్దు. అలాంటివాళ్లు మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర) వాడుతుంటే పరీక్ష రోజు ఆపి, 48 గంటల తర్వాత కిడ్నీ పరీక్ష చూశాకే మళ్లీ మొదలుపెట్టమంటారు. 30 నుంచి 60 మధ్యవాళ్లకు ఆపాలా వద్దా అన్నది మీ దగ్గరి డాక్టరు పెట్టిన నియమం. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒళ్లునొప్పులకు రోజూ మాత్రలు, ఇంజెక్షన్లు వేయించుకుంటున్నారా అని తప్పక అడగండి, ఆ నొప్పి మందులు కిడ్నీకి రెండో దెబ్బ. నీళ్లు తాగొద్దని చెప్పి ఎండబెట్టడం కూడా అంతే.

ఎలర్జీ దగ్గర అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న: "ఇదివరకు సీటీకి డై ఎక్కించినప్పుడు దద్దుర్లు, ఆయాసం వచ్చాయా?" తర్వాత ఉబ్బసం, ఇతర మందుల ఎలర్జీలు, థైరాయిడ్ ఎక్కువ పనిచేసే జబ్బు. రొయ్యలు, పీతలు పడవన్న కారణంతో డై ఆపాల్సిన పని లేదు. మిగతా ఎలర్జీల్లాగే అదీ ఒకటి, దానికీ డైలోని అయోడిన్‌కూ ప్రత్యేక సంబంధం లేదు. పాలిచ్చే తల్లి పాలు మానక్కర్లేదు.

సూదికి మోచేతి మడతలో 20 గేజ్ ఉంటే చాలా పరీక్షలు జరుగుతాయి, ఆంజియోకు (రక్తనాళాల సీటీకి) 18 అయితే మంచిది. ముందు 10 మిల్లీలీటర్ల సెలైన్ తోసి, నరం పైన వేలు పెట్టి ఉబ్బుతుందేమో చూడండి. "ఒళ్లంతా వేడిగా అనిపిస్తుంది, నోట్లో ఇనుము రుచి, మూత్రం వచ్చేసినట్టు ఉంటుంది, అర నిమిషంలో పోతుంది. చెయ్యి మండినా, గొంతు పట్టేసినా గట్టిగా చెప్పండి" అని ముందే చెప్తే కంగారుపడి కదలరు. మొదటి కొన్ని సెకన్లు పక్కనే ఉండి సూది చోటు చూసి బయటకు రండి. డై చర్మం కిందకు పోతే వెంటనే ఆపి, చెయ్యి ఎత్తి ఉంచి, చల్లటి కాపడం పెట్టి డాక్టరుకు చూపించండి. బొబ్బలు, వేళ్ల తిమ్మిరి, నొప్పి పెరగడం కనిపిస్తే సర్జన్ దాకా వెళ్లాలి.

నాలుగు దద్దుర్లు, ఒక వాంతి వస్తే కనిపెట్టుకుని ఉంటే సరిపోవచ్చు. దద్దుర్లు ఒళ్లంతా పాకినా, ముఖం వాచినా, పిల్లికూతలు వినిపించినా, గొంతు మారినా, బీపీ పడినా ఆలస్యం పనికిరాదు. డై ఆపండి, క్యానులా (నరంలో ఉంచిన గొట్టం) పీకొద్దు, ఆక్సిజన్ పెట్టండి, డాక్టరును పిలవండి. అప్పుడు కావాల్సింది అడ్రినలిన్: 1 మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము ఉండే ఆంప్యూల్ నుంచి పెద్దలకు 0.3 నుంచి 0.5 మిల్లీగ్రాములు, తొడ బయటి వైపు మధ్యలో, కండలోకి. ఆ ఆంప్యూల్, సిరంజి ట్రేలో ఉన్నాయా, గడువు ఉందా అని పొద్దున్నే మిషన్ వేసేటప్పుడు చూసుకోండి. తాళం వేసిన బీరువాలో ఉండి, తాళం స్టాఫ్‌నర్సు దగ్గరుంటే అది లేనట్టే.

ఘోరమైన రియాక్షన్లు చాలావరకు మొదటి 20 నిమిషాల్లో వస్తాయి. 30 నిమిషాలు మీకు కనిపించేచోట కూర్చోబెట్టండి, క్యానులా అప్పటిదాకా ఉంచండి. ఇంటికి వెళ్లాక వారం లోపు కూడా దద్దుర్లు రావొచ్చు. అది వస్తే ఎవరికి ఫోన్ చేయాలో, ఎక్కించిన డై పేరు, ఎన్ని మిల్లీలీటర్లు, ఏ తేదీ అన్నవి చీటీ వెనక తెలుగులో రాసి, వెంట వచ్చినవాళ్లకు చదివి వినిపించి ఇవ్వండి. ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికో కూడా అడగండి. దాని కోసం కొందరు అర గంట ఆగకుండా జారుకుంటారు, అలాంటివాళ్లను జాబితాలో పైకి జరపండి.